డబ్‌స్టెప్ పని అయిపోయిందా అని అడిగిన పర్లాకిమిడి తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: "నా దగ్గర రెండు డబుల్ పద్దెనిమిది (పద్దెనిమిది అంగుళాల స్పీకర్లు రెండేసి ఉన్న) బేస్ బాక్సులున్నాయి. ఏడాదిగా కంప్యూటర్లో పాటలు కట్టే ఎఫ్‌ఎల్ స్టూడియో నేర్చుకుంటున్నాను. డబ్‌స్టెప్ చేద్దామంటే మా ఊరి డీజేలు అది 2013తోనే చచ్చిపోయింది, టైం వేస్ట్ అంటున్నారు. నిజమేనా?" డబ్‌స్టెప్ అంటే లోతైన బేస్ మీద నడిచే ఎలక్ట్రానిక్ డాన్సు సంగీతం. నేను బరంపురంలో ఇరవై రెండేళ్ళుగా సౌండ్ పనిలో ఉన్నాను. ఆ చప్పుడు మన వీధుల్లోకి వచ్చిన రోజూ చూశాను, వెళ్ళిపోయిన రోజూ చూశాను. కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిక పట్టి చదువు.

మీ డీజేలు తాము విన్న డబ్‌స్టెప్ గురించి మాట్లాడుతున్నారు. దాని మట్టుకు వాళ్ళ మాట నిజమే. 2011 నుంచి 2013 దాకా మనం బళ్ళమీద వాయించింది అయిపోయింది. అది తిరిగి రావాలని నాకూ లేదు. కానీ ఆ సంగీతానికి అది చివర్లో వేసిన ఒక కొమ్మ. కొమ్మ ఎండిందని చెట్టు నరికేస్తున్నారు వాళ్ళు. వాళ్ళ తప్పు కాదు, చెట్టు మొదలు వాళ్ళకి ఎవరూ చూపించలేదు. నాకూ చాలా ఆలస్యంగానే తెలిసింది.

మన దగ్గరికి ఎలా వచ్చిందో ముందు చెప్తాను. అప్పట్లో మొబైల్ షాపుకి వెళ్ళి పదో పరకో ఇస్తే మెమరీ కార్డు నింపి ఇచ్చేవాళ్ళు. అందులో ఒక ఫోల్డర్ నిండా స్క్రిల్లెక్స్ అనే అమెరికా డీజే పాటలు, ఆయన్ని చూసి చేసినవాళ్ళ పాటలు. రంపంతో రేకు కోస్తున్నట్టు ఉండేది. కుర్రాళ్ళకి అది కొత్త, నాకూ కొత్తే. 2012 వినాయక నిమజ్జనానికి మా బండి మీద మొదటిసారి గట్టిగా పెట్టాను. డ్రాప్ (పాట ఎక్కించి ఎక్కించి, ఒక్కసారి బేస్ వదిలే చోటు) పడగానే గిరి రోడ్డు మీద కుర్రాళ్ళు ఒక్కసారిగా గాల్లోకి లేచారు. రెండో డ్రాప్‌కి సగంమంది లేచారు. మూడో పాటకి చాలామంది నిలబడి చూస్తున్నారు. నాలుగో పాట సగంలో ఉండగా ఒకడు బండెక్కి నా చెవిలో "అన్నా, సంబల్‌పురి వెయ్యి" అన్నాడు. సంబల్‌పురి, అంటే పశ్చిమ ఒడిశా పాటలు, వేశాను. తెల్లారేదాకా ఎవడూ ఆగలేదు. ఆ రాత్రే నా బాక్సుల్లో నాలుగు కాయిళ్ళు, అంటే స్పీకరు కోన్‌ని కదిపే తీగచుట్టలు, కాలాయి.

ఆ రాత్రి రెండు సంగతులు చెప్పింది, రెండూ నాకు అప్పుడు అర్థం కాలేదు. జనం ఎందుకు ఆగిపోయారు అన్నది ఒకటి, కాయిళ్ళు ఎందుకు కాలాయి అన్నది రెండోది. రెండింటికీ కారణం ఒక్కటే. అది తెలియడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది.

2014లో మా మేనల్లుడు బెంగళూరు నుంచి సెలవులకి వస్తూ ఒక హార్డ్ డిస్క్ తెచ్చాడు. "మామయ్యా, నువ్వు తిట్టే డబ్‌స్టెప్ పుట్టినప్పుడు ఇలా ఉండేది, ఒక్కసారి విను" అన్నాడు. మధ్యాహ్నం గోడౌన్‌లో నాలుగు బాక్సులు కలిపి పెట్టాం. మాలా, లోఫా, కోకీ, స్క్రీమ్ అనే లండన్ కుర్రాళ్ళు తొలి రోజుల్లో చేసినవి. మొదటి నిమిషం ఫైలు పాడయిందనుకున్నాను. ఒక దెబ్బ పడుతుంది, తరవాత ఏమీ లేదు. ఎక్కడో దూరంగా చిన్న చప్పుడు. మళ్ళీ ఏమీ లేదు. లేచి మిక్సర్ దగ్గరికి వెళ్ళబోయాను. అప్పుడు బేస్ వచ్చింది. చెవికి వినపడటం కన్నా ముందు కాళ్ళకింద గచ్చులో తెలిసింది. షట్టర్ రేకు వణికింది, నా చొక్కా ఛాతీమీద కదిలింది. ఎక్కడా అరుపు లేదు. మేము మాట్లాడుకుంటే ఒకరి మాట ఒకరికి వినపడుతోంది కూడా. నేను కుర్చీలో కూర్చుని గంటన్నర కదల్లేదు. అన్నేళ్ళుగా ఆ బాక్సులు నావే. అవి అలా పలకగలవని నాకు తెలియదు.

ఆ సంగీతం దక్షిణ లండన్‌లో క్రాయ్‌డన్ అనే పేటలో మొదలైంది. అక్కడ బిగ్ యాపిల్ అని ఒక రికార్డుల దుకాణం. హాచా అనే డీజే అందులో పనిచేసేవాడు. స్క్రీమ్, బెంగా అక్కడే తిరుగుతూ పెరిగిన పిల్లలు, స్క్రీమ్ ఆ కౌంటర్‌లో పనికూడా చేశాడు. వాళ్ళు తొలి రోజుల్లో పాటలు కట్టింది ఫ్రూటీ లూప్స్ మీద, అంటే నువ్వు ఇప్పుడు నేర్చుకుంటున్న ఎఫ్‌ఎల్ స్టూడియో పాత పేరు. ఇది నువ్వు గుర్తుపెట్టుకోవాలి. వాళ్ళ దగ్గర పెద్ద స్టూడియోలేం లేవు, నీ దగ్గర ఉన్నదే ఉండేది. అప్పటి యూకే గరాజ్ అనే డాన్సు సంగీతంలో గొంతు పాట తీసేసి, చీకటి, బేస్ మిగిల్చారు. జమైకా నుంచి లండన్ వచ్చినవాళ్ళ సౌండ్ సిస్టం పద్ధతీ, డబ్ రెగే అనే జమైకా సంగీతంలో ఒక్కో వాయిద్యాన్ని తీసేస్తూ ఖాళీ చేసే పద్ధతీ అందులో కలిశాయి. డబ్‌స్టెప్‌లో డబ్ అన్న మాట అక్కడిదే.

2001లో లండన్ సోహోలో ఫార్వర్డ్ అనే క్లబ్బు రాత్రి మొదలైంది. తరవాత అది ప్లాస్టిక్ పీపుల్ అనే చిన్న నేలమాళిగకి మారింది. లోపల దాదాపు చీకటి, సౌండ్ మాత్రం మంచిది. 2005లో మాలా, కోకీ, లోఫా లండన్‌లోనే బ్రిక్స్టన్‌లో డీఎంజెడ్ అనే క్లబ్బు రాత్రి పెట్టారు. రమ్మని జనాన్ని పిలిచిన మాట ఏమిటో తెలుసా? బేస్ బరువు మీద ధ్యానం చేయడానికి రండి అని. కొత్త పాటని అసిటేట్ రికార్డుగా ఒకటో రెండో కోయించుకుని, నెలల తరబడి ఆ డీజే ఒక్కడే వాయించేవాడు. ఆ రికార్డు కొన్ని డజన్ల సార్లు తిప్పితే అరిగిపోయేది. ఆ పాట కావాలంటే ఆ గదికి వెళ్ళి, ఆ బాక్సుల ముందు నిలబడి వినాల్సిందే. లైసెన్సు లేని పైరేటు రేడియోగా మొదలైన రిన్స్ ఎఫ్‌ఎం వీళ్ళని మోసింది. 2006 జనవరిలో బీబీసీ రేడియో 1లో మేరీ యాన్ హాబ్స్ వీళ్ళలో కొందరిని ఒక్క రాత్రి కూర్చోబెట్టి వాయించాక బయటి దేశాలకి తెలిసింది.

ఇప్పుడు లెక్క చూడు. డబ్‌స్టెప్ వేగం నిమిషానికి 140 దెబ్బలు. అందులో కిక్ (లావు డ్రమ్ము) ఒకటో దెబ్బ మీద, స్నేర్ (చురుక్కుమనే డ్రమ్ము) మూడో దెబ్బ మీద. అందుకే ఒంటికి అది 70లా తెలుస్తుంది. పైన సన్నని హైహ్యాట్లు (తాళాల చప్పుడు) 140లో పరిగెడతాయి, కింద ఒళ్ళు 70లో ఊగుతుంది. ఒక్కో దెబ్బకీ మధ్య 0.43 సెకను. కిక్ నుంచి స్నేర్‌కి రెండింతలు, దాదాపు 0.86 సెకను. ఒక డీజేకి అంతసేపు ఖాళీ వదలాలంటే ధైర్యం కావాలి. ఆ ఖాళీలోనే బేస్ కూర్చుంటుంది.

నువ్వు ఠాకురాణి యాత్రకి బరంపురం వచ్చే ఉంటావు. రెండేళ్ళకోసారి ఎండాకాలంలో అమ్మవారు దేశీబెహెరా వీధికి పుట్టింటికి వస్తుంది కదా, ఆ రోజుల్లో వీధిలో బాఘ నాచ చూడు. ఒంటినిండా పసుపు, నలుపు చారలు పూసుకున్న పులి వేషం, వెనక ఢోలు, సన్నాయి లాంటి మహురి. పులి గెంతేటప్పుడు ఢోలు గలగలా మోగుతుంది, అది అందరికీ తెలుసు. పులి వంగి, తల తిప్పి చూస్తున్నప్పుడు గమనించు. ఢోలువాడు చెయ్యి బిగబట్టి, లావు పక్క ఒక్క దెబ్బ వేసి ఆగుతాడు. ఆ ఆగినప్పుడే చిన్న పిల్లలు తల్లి కొంగు పట్టుకుంటారు. మాలా పాట విన్న రోజు నాకు మొదట గుర్తొచ్చింది అదే. ఆ రెండు సంగీతాలకీ చుట్టరికం ఉందని నేను చెప్పను, లేదు. కానీ ఆగడంలో ఉన్న బరువు మన చెవికి పుట్టుకతోనే తెలుసు. అందువల్ల ఈ సంగీతం మనకి పరాయిదని ఎవరైనా అంటే నమ్మకు.

మరి పాడెక్కడ అయింది? ఒక్క మనిషి మీద నెట్టేయడం నాకిష్టం లేదు. స్క్రిల్లెక్స్‌ని తిట్టడం చాలామందికి అలవాటు. ఆయన రాక్ బ్యాండులో అరిచి పాడిన కుర్రాడు, గిటారు కోపాన్ని సింథసైజర్‌లోకి తెచ్చాడు. పనిమంతుడే. 2012లో ఒక్క రాత్రి మూడు గ్రామీలు ఊరికే రాలేదు. ఆయనకన్నా ముందే, 2007 నాటికే, లండన్‌లో కాస్పా, రస్కో బేస్‌ని పైకి, అల్లరిగా తీసుకొచ్చారు. అదీ తప్పు కాదు, క్లబ్బులో జనం నవ్వుతూ ఆడారు.

అసలు మార్పు వినే పరికరంలో వచ్చింది. 2010కి కుర్రాళ్ళు పాట వింటున్నది ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌లో. ఫోన్ స్పీకరు 40, 50 హెర్ట్జ్ పలకలేదు, అందులో ఆ బేస్ అసలు ఉండనే ఉండదు. అలాంటప్పుడు పాట ఫోన్‌లో కూడా పెద్దగా వినపడాలంటే చెయ్యాల్సిన పనంతా మధ్య శ్రుతుల్లోనే చెయ్యాలి. వబుల్‌ని, అంటే బేస్ వవ్ వవ్ అని ఊగడాన్ని, పైకి లాగారు, గరగరలాడించారు, చించారు. కింద నేలని కదిపేది పోయి పైన చెవిని గీరేది మిగిలింది. తరవాత ఖాళీలు నిండిపోయాయి. ఖాళీ ఉంటే ఫోన్‌లో పాట ఆగిపోయినట్టే ఉంటుంది కదా. అలా అది డ్రాప్ కోసం మాత్రమే కట్టే పాటగా మారింది. నిమిషం ఎక్కించడం, ఒక అరుపు, డ్రాప్. మళ్ళీ అంతే. ఒకే సింథ్ సాఫ్ట్‌వేర్, అందులో రెడీమేడ్ ప్రీసెట్లు అందరిదగ్గరా ఉన్నవే. పదో పాటకల్లా వినేవాడికి డ్రాప్ ముందే తెలిసిపోతుంది. గిరి రోడ్డు మీద కుర్రాళ్ళు మూడో పాటకి ఆగిపోయింది ఇందుకే. అమెరికా పండగల్లో జనం ట్రాప్, బిగ్ రూమ్ అనే వేరే డాన్సు సంగీతాలకి మళ్ళిపోయిందీ ఇందుకే. క్రాయ్‌డన్ పిల్లల్లోనే స్క్రీమ్ దాన్ని వదిలి డిస్కో, హౌస్ వైపు వెళ్ళిపోయాడు.

కాయిళ్ళ సంగతి. ఇది నీకు డబ్బుతో పని, జాగ్రత్తగా చదువు. ఎత్తు ఒకటే అయినా, నున్నటి సైన్ అల కన్నా చదునుగా కోసేసిన చతురస్రపు అల కాయిల్‌లోకి రెండింతల పవర్ పంపుతుంది. ఆ గరగర బేస్ అంతా చదునుగా కోసిందే. పైగా మధ్యలో ఆగడం లేదు. కాయిల్‌కి చల్లబడే క్షణం దొరకదు. మేము దానిపైన యాంప్లిఫయర్‌ని కూడా ఎర్ర లైటులో, అంటే దాని శక్తికి మించి, నడిపాం. నాలుగు కాయిళ్ళు కాలక ఏమవుతాయి? పాత డబ్‌స్టెప్‌లో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంది. ఆ ఖాళీలో మనిషి ఊపిరి తీసుకుంటాడు, కాయిల్ చల్లబడుతుంది. జనం ఆగిపోవడానికీ, కాయిల్ కాలిపోవడానికీ కారణం ఒక్కటే అన్నాను కదా, ఇదే అది.

ఇక ఇప్పుడు అది ఎక్కడుంది? చాలా చోట్ల ఉంది. మాలా 2006లో పెట్టిన డీప్ మెడి లేబుల్ నుంచి ఆ తరహా పాటలు వస్తూనే ఉన్నాయి. అమెరికాలో గరుకు తరహాని ఇష్టపడేవాళ్ళకి వాళ్ళ లోకం వాళ్ళకుంది. ఎక్సిషన్ అనే ఆయన 2017 నుంచి ఒహాయోలో లాస్ట్ ల్యాండ్స్ అని పండగ జరుపుతున్నాడు. నేను అది వినను, కానీ బతికి ఉన్నదాన్ని చచ్చిందనలేను. హమ్దీ లాంటి బ్రిటన్ కుర్రాళ్ళు ఈ నాలుగైదేళ్ళలో మళ్ళీ 140లో ఖాళీ ఉన్న పాటలు కట్టి క్లబ్బుల్ని ఊపారు. స్క్రిల్లెక్స్ కూడా ఫ్రెడ్ అగైన్, లండన్ ర్యాపర్ ఫ్లోడాన్‌తో కలిసి చేసిన పాటకి 2024లో గ్రామీ అందుకున్నాడు. ఆ పాట విను, అందులో సగం చోటు ఖాళీయే. అంత దూరం వెళ్ళినవాడు పేట మొదటి గుమ్మంలోకి తిరిగి వచ్చినట్టు నాకనిపించింది. మన దేశంలో న్యూక్లియా అనే డీజే 2013 నుంచి వీధి బ్యాండు చప్పుడుకి ఈ బేస్ కట్టి చూపించాడు. మన ఊరి కుర్రాళ్ళలో చాలామంది తమకి తెలియకుండానే ఆయన దారిలో డబ్‌స్టెప్ విన్నారు.

నువ్వు నేర్చుకో తమ్ముడూ. కాకపోతే ఒక మాట ముందే చెప్తాను. దీనివల్ల పెళ్ళి బుకింగులు రావు. పెళ్ళికి వెళ్తే ఒడియా పాటలూ, సంబల్‌పురీ, మన తెలుగు మాస్ పాటలూ వెయ్యాలి. వెయ్యి, మనసుపెట్టి వెయ్యి, అది మన అన్నం. మీవాళ్ళు టైం వేస్ట్ అన్నది బుకింగుల లెక్కలో అయితే నేను కాదనను. కానీ ఆరు నెలలు ఈ పాటలు కట్టినవాడి చేతికి బేస్ మీద పట్టు వస్తుంది. ఆ పట్టు సంబల్‌పురి రీమిక్స్‌లో కూడా తెలుస్తుంది, నాకు తెలిసింది.

నీ బాక్సుల సంగతికి వస్తాను. మన దగ్గర వడ్రంగి చేత చేయించుకునే పద్దెనిమిది బాక్సుల్లో నేను మీటరు పెట్టి చూసినవి చాలావరకు 45 హెర్ట్జ్ కిందికి చేతులెత్తేస్తాయి. బాక్సు పలకలేని చోట కోన్ మాత్రం ముందుకీ వెనక్కీ పిచ్చిగా కొట్టుకుంటుంది, శబ్దం రాదు, కోన్ చిరుగుతుంది. అందుకే క్రాస్‌ఓవర్‌లో (శ్రుతుల్ని విడదీసే పెట్టెలో) కింది శ్రుతుల్ని ఆపే హైపాస్ 40 హెర్ట్జ్ దగ్గర పెట్టు, అది లేకుండా ఈ పాటలు వాయించొద్దు. పాట కట్టేటప్పుడు శ్రుతి ముందే ఆలోచించు. లండన్‌వాళ్ళు ఎఫ్ శ్రుతిలో కడితే అడుగు స్వరం 43.65 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, నీ బాక్సులో అది సగం పోతుంది. జీలో కట్టు, 49. ఏలో కడితే 55, మన రోడ్డు బాక్సులకి అదే హాయి. సబ్ బేస్‌కి (అన్నిటికన్నా కింది బేస్‌కి) సైన్ అల ఒక్కటే తీసుకో, మోనోలో ఉంచు. దానిమీద కొంచెం సాచురేషన్ (అలని కాస్త గరుకు చేసే పని) వేసి పై ఆక్టేవ్ లీలగా వినపడేట్టు చెయ్యి, చిన్న స్పీకరులో వినేవాడికి కూడా స్వరం అందుతుంది. కొంచెం అన్నాను, అక్కడే అందరూ జారిపోయారు. వబుల్ కావాలంటే ఫిల్టర్ కటాఫ్‌కి ఎల్‌ఎఫ్‌ఓ (మీటని దానంతటదే అటూఇటూ ఊపేది) కట్టు. 140లో ఎనిమిదో వంతు వేగం అంటే సెకనుకి 4.67 ఊపులు. పాటంతా అదే వేగంలో ఊపకు. ఒక బార్ ఊపి, తరవాతి బార్ నిలబెట్టి చూడు.

కిక్‌కీ సబ్‌కీ చోటు కొట్లాట పెట్టకు. కిక్ పడే క్షణం సబ్ తగ్గాలి, ఆ పని చేసే సైడ్‌చైన్ వాడు. అన్నిటికన్నా ముందు పాట పూర్తయ్యాక ఒక్కో ట్రాకు మ్యూట్ చేస్తూ విను. తీసేసినా పాట నిలబడితే అది అక్కర్లేనిదే, తీసెయ్. నా మొదటి పాటలో ఇరవై ఆరు ట్రాకులుండేవి. మేనల్లుడు కూర్చుని తొమ్మిదికి దించాడు. నాకు కష్టమనిపించింది, పాట మాత్రం లేచి నిలబడింది.

యూట్యూబ్ నుంచి దింపిన ఎంపీ3తో బాక్సుల్ని పరీక్షించొద్దు. డబ్బు పెట్టి కొన్న వేవ్ ఫైలు (కుదించని ఫైలు) ఒక్కటి చాలు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మన సౌండ్ వాళ్ళం దీన్ని మాట్లాడుకోం. బేస్ గోడ దాటిపోతుంది. పై శ్రుతుల్ని గోడ ఆపుతుంది, 50 హెర్ట్జ్‌ని ఆపలేదు. మా వీధిలో గుండె జబ్బుతో మంచం మీదున్న ఒక ముసలావిడ కొడుకు ఒక రాత్రి నా బండి దగ్గరికి వచ్చి, ఏమీ అనకుండా రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఆ రోజు నుంచి ఇళ్ళ మధ్య నా బండి చప్పుడు తగ్గింది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా బయట మైకులు, బాక్సులు వాడకూడదు. మన ఊరేగింపులు దాన్ని దాటుతున్నాయని అందరికీ తెలుసు. ఈ సంగీతం ఊరేగింపుది కాదు, గదిది. మూసిన హాలు, ఇరవైమంది, ఇష్టపడి వచ్చినవాళ్ళు, మంచి సౌండు. లండన్‌లో అది అలాగే పెరిగింది, ఇక్కడా అలాగే పెరగాలి.

ఒకసారి బరంపురం రా. పలాస బండెక్కకపోయినా పర్లాకిమిడి నుంచి బస్సులున్నాయి. నీ బాక్సులు తేవద్దు, కిరాయి దండగ, నా గోడౌన్‌లో నాలుగున్నాయి. పెన్‌డ్రైవ్‌లో నీ పాటలు వేవ్‌లో వేసుకురా, ఎన్ని ఉంటే అన్ని, సగం కట్టినవైనా సరే. ఆదివారం మధ్యాహ్నం అయితే పక్క షాపులు మూసి ఉంటాయి. షట్టర్ సగం దించి కూర్చుందాం. మా మేనల్లుడు ఆ నెల ఊళ్ళోనే ఉంటే వాణ్ణీ పిలుస్తాను, ఏ ట్రాకు తీసెయ్యాలో వాడు మొహమాటం లేకుండా చెప్తాడు.